పొయ్యి వేడితో తిరిగే ఫ్యాను: కొనాలా, వద్దా?

కట్టెల పొయ్యి మీద పెడితే చాలు, కరెంటూ బ్యాటరీ లేకుండా తనంతట తానే తిరిగే చిన్న ఫ్యాను ఒకటి ఉంది. జానెడు ఎత్తు, నల్లటి అల్యూమినియం పలకలు, కింద చదునైన పీట, ముందు నాలుగైదు రెక్కలు. పొయ్యి వేడెక్కిన కాసేపటికి మెల్లగా కదులుతుంది. సెగ పెరిగితే చప్పుడు లేకుండా జోరందుకుంటుంది. పొయ్యి చల్లారితే ఆగిపోతుంది. ఖరీదు కొన్ని వేల రూపాయలు. ఫోన్లో ఆర్డరు పెడితే అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో ఉన్న బత్తలపల్లెకైనా నేరుగా ఇంటికే వస్తుంది.

బోరు మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందా అని రాత్రిళ్లు పొలంలో కాపలా కాసిన రైతులున్న సీమ ఇది. ‘కరెంటు అక్కర్లేదు’ అనే మాటకు ఇక్కడ బలమెక్కువ. పైగా కంప కొట్టి తెచ్చుకుని వండుకునే ఇళ్లు ఈ మెట్టప్రాంతంలో ఇంకా చాలానే ఉన్నాయి. అందుకే ఈ ఫ్యానును బొమ్మ అని పక్కన పెట్టెయ్యకుండా శ్రద్ధగా పరిశీలించాలి.

జవాబు ముందే చెబుతాను. పొయ్యి పైన పెట్టే ఫ్యాను బత్తలపల్లెలో ఎవరూ కొనాల్సిన పనిలేదు. పొయ్యి లోపలికి గాలి ఊదే ఫ్యాను సంగతి వేరు. దాని వెనక గట్టి సైన్సు ఉంది, ఆడవాళ్ల ఊపిరితిత్తులకు సంబంధించిన పెద్ద విషయం ఉంది. అయితే ఆ ఫ్యాను కూడా పొయ్యి వేడితోనే తిరగాల్సిన అవసరం లేదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

వేడి నుంచి కరెంటు ఎలా వస్తుంది

1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ రెండు వేర్వేరు లోహాలను వలయంలా కలిపి, ఒక అతుకును వేడి చేశాడు. పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు కదిలింది. వేడి వల్ల అయస్కాంతత్వం పుట్టిందనుకున్నాడాయన. నిజానికి వలయంలో విద్యుత్తు ప్రవహించింది, ఆ ప్రవాహమే ముల్లును కదిలించింది. ఒక అతుకు వేడిగానూ రెండోది చల్లగానూ ఉన్నంతసేపే ఈ ప్రవాహం. రెండూ ఒకే వేడికి వస్తే ఏమీ రాదు. ఇదే సీబెక్ ప్రభావం.

ఫ్యాను పీటకూ పై పలకలకూ నడుమ ఉండేది ఈ సూత్రంతో పనిచేసే బిళ్ల. సాధారణంగా 40 మిల్లీమీటర్ల చదరం, అగ్గిపెట్టె కన్నా పలచన. అందులో బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకంతో చేసిన చిన్న చిన్న దిమ్మెలు 127 జతలు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో దిమ్మె ఒక డిగ్రీ తేడాకు సుమారు 200 మైక్రోవోల్టులు ఇస్తుంది. జతకు రెండు దిమ్మెలు కాబట్టి 254 దిమ్మెలు, అంటే డిగ్రీకి సుమారు 0.05 వోల్టు. బిళ్ల కింది ముఖానికీ పై ముఖానికీ 60 డిగ్రీల తేడా ఉంటే 3 వోల్టులు. చిన్న మోటారు తిరగడానికి అది చాలు.

అయితే చేతికొచ్చే శక్తి చాలా తక్కువ. వేడి నుంచి పని రాబట్టే ఏ యంత్రానికైనా ఒక హద్దు ఉందని 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాడీ కార్నో చూపించాడు. కింది ముఖం 250 డిగ్రీలు, పై ముఖం 100 డిగ్రీలు ఉంటే ఆ హద్దు 29 శాతం దగ్గర ఉంటుంది. బిస్మత్ టెల్యురైడ్ బిళ్ల అందులో ఆరో వంతుకు మించి అందుకోవడం కష్టం. బిళ్ల గుండా వంద వాట్ల వేడి పోతే నాలుగైదు వాట్ల కరెంటు వస్తే గొప్ప. సంతలో దొరికే ఫ్యాన్లలో ఒకటి రెండు వాట్లకు మించదు. మిగతా వేడంతా పై పలకల మీదుగా గదిలోకి పోతుంది.

ఇంకో రకం ఫ్యానులో ఈ బిళ్లకు బదులు చిన్న వేడిగాలి ఇంజను ఉంటుంది. స్కాట్లండుకు చెందిన రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో పేటెంటు తీసుకున్న ఇంజనుకు అది వారసురాలు. దానిక్కూడా కార్నో హద్దు వర్తిస్తుంది. ఖరీదు మరింత ఎక్కువ.

ఇది ఎవరి అవసరం కోసం పుట్టింది

ఈ ఫ్యాన్లకు కెనడా, అమెరికా, యూరపు చలిదేశాల్లో మంచి గిరాకీ ఉంది. అక్కడి కట్టెల పొయ్యి వంట కోసం కాదు, ఇల్లు వెచ్చబెట్టడం కోసం. ఇనుముతో చేసిన మూసిన పెట్టె అది. పొగంతా గొట్టం గుండా ఇంటి కప్పు దాటి బయటికి పోతుంది. గదిలోకి వచ్చేది వేడి ఒక్కటే. ఆ వేడిగాలి తేలికై పైకి లేచి కప్పు కింద పేరుకుంటుంది. దూరంగా కూర్చున్నవాళ్లకు చలి తీరదు. పొయ్యి పైన పెట్టిన ఫ్యాను ఆ గాలిని అడ్డంగా తోస్తుంది. అది కొత్తగా వేడి పుట్టించదు, ఉన్న వేడిని పంచుతుంది. మంచు తుపానులో కరెంటు పోయిన ఇంట్లో అది నిజమైన మేలే. కరెంటు ఉన్న ఇంట్లో మాత్రం మామూలు టేబుల్ ఫ్యాను అంతకన్నా ఎక్కువ గాలిని తక్కువ ఖర్చుతో తోస్తుంది.

ఇప్పుడు బత్తలపల్లె వంటింటికి రండి. ఇక్కడి పొయ్యికి చదునైన ఇనుప కప్పు లేదు. మట్టితో మూడువైపులా కట్టిన గోడ, ముందు కట్టెలు తోసే నోరు, పైన మూడు గడ్డలు. ఆ గడ్డల మీద కుండ కూర్చుంటే ఫ్యాను పెట్టడానికి చోటే ఉండదు. పక్కనున్న పొంత మీదా నీళ్ల చెంబో పప్పుకుండో ఉంటుంది.

చోటు దొరికినా దాంతో పనిలేదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో, రేకుల కప్పు కింద, వేడిని ఒంటి మీదికి తోసే యంత్రం ఎవరికి కావాలి? ఆ ఎండలో బిళ్ల పని కూడా మందగిస్తుంది. పొయ్యి పైభాగం 250 డిగ్రీలుంటే 20 డిగ్రీల చలిగదిలో తేడా 230 డిగ్రీలు, 42 డిగ్రీల వంటింట్లో 208. కరెంటు ఈ తేడా వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాదాపు ఐదో వంతు పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పొగ. చలిదేశపు పొయ్యి పొగను గొట్టంలోకి పంపి వేడిని గదిలో వదులుతుంది. మన మట్టిపొయ్యి రెండింటినీ గదిలోనే వదులుతుంది. కప్పు కిందికి లేచి సందుల్లోంచి ఎంతో కొంత పోయే పొగను ఆ ఫ్యాను మళ్లీ కిందికి, మనిషి ముక్కు దగ్గరికి తోస్తుంది. అక్కడ మేలు చేసే యంత్రమే ఇక్కడ కీడు చేస్తుంది.

కట్టె మండడమంటే గ్యాసు మండడమే

పొయ్యి లోపలికి గాలి పంపడం మాత్రం వేరే కథ. కట్టె నేరుగా మండదు. వేడి తగిలినప్పుడు దాని బరువులో ముప్పావు వంతుకు పైగా ఆవిరులుగా, వాయువులుగా బయటికొస్తుంది. మంటగా కనబడేది ఆ వాయువులు గాలితో కలిసి మండడం. చివరికి మిగిలే బొగ్గు నిప్పై మెల్లగా కాలుతుంది. వాయువులకు సరిపడా గాలి అందకపోయినా, అవి చల్లటి కుండ అడుగుకు తగిలి ఆరిపోయినా మండకుండానే బయటపడతాయి. అదే పొగ. అంటే పొగ మన కళ్ల ముందే వృథా అవుతున్న వంటచెరకు. కంట్లో నీళ్లు తెప్పించేదీ, కుండకు మసి పట్టించేదీ, ఊపిరితిత్తుల్లోకి దిగేదీ అదే.

ఒక కేజీ ఎండుకట్టె పూర్తిగా కాలాలంటే సుమారు 6 కేజీల గాలి కావాలి, అంటే దాదాపు 5 ఘనమీటర్లు. గంటకు కేజీ కట్టె కాలే పొయ్యిలో పుట్టే వేడి సుమారు 4,500 వాట్లు. దానికి కావలసిన గాలిని, రెట్టింపే అనుకున్నా, సన్నని రంధ్రాల గుండా నెట్టడానికి పట్టే శక్తి అర వాట్టు కూడా కాదు. ఫ్యాను మోటారు నష్టాలన్నీ కలుపుకున్నా ఒకటి రెండు వాట్లు. 4,500 వాట్ల మంటను చక్కదిద్దడానికి ఒక్క వాట్టు గాలి చాలు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంకె ఏదైనా ఉందంటే అది ఇదే.

ఈ సంగతి మన పల్లెలకు కొత్తదేమీ కాదు. ఊదుగొట్టం చేసేది ఆ పనే. కమ్మరి కొలిమిలో తిత్తి చేసేది ఆ పనే. ఇప్పుడు తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది. అయితే ఊదుగొట్టంతో ఊదిన నాలుగు ఊపిరుల బలం ఆ నాలుగు క్షణాలే. ఊదే మనిషి ముఖం పొగకు ఎదురుగా పెట్టాలి. ఎడతెగకుండా, సరైన చోట, తగినంత గాలి ఊదే ఏర్పాటే ఫ్యాను పొయ్యి. దాని గోడలో రెండు వరుసల రంధ్రాలుంటాయి. కింది వరుస గాలి కట్టెను కాల్చి వాయువుల్ని తీస్తుంది. పై వరుస గాలి జోరుగా దూసుకొచ్చి ఆ వాయువుల్ని కలియబెట్టి కుండకు తగలకముందే మండిస్తుంది.

ఫలితం కొలతల్లో తెలుస్తుంది. మూడురాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో 10 నుంచి 15 శాతం కుండకు చేరితే ఎక్కువ. భారత ప్రమాణాల సంస్థ 2013లో సవరించిన ప్రమాణం ప్రకారం ఫ్యాను లేని మెరుగైన పొయ్యి కనీసం 25 శాతం, ఫ్యాను పొయ్యి కనీసం 35 శాతం కుండకు చేర్చాలి. కుండకు చేరిన ప్రతి మెగాజౌలు వేడికీ వెలువడే ధూళి మొదటిదానిలో 350 మిల్లీగ్రాములకు, రెండోదానిలో 150కి మించకూడదు. ఫ్యాను పొయ్యి మీద అధికారిక ప్రమాణమే అంత ఎక్కువ ఆశ పెట్టుకుంది.

మన వంటిళ్ల పొగ ఎంత

2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల పల్లెల్లో సుమారు 420 ఇళ్లలో పీల్చే ధూళిని కొలిచారు. గ్యాసు మీద వండే ఇళ్లలో 24 గంటల సగటు ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములు తేలితే, కట్టెలూ పిడకల్లాంటి వాటితో వండే ఇళ్లలో అది 732 దాకా పోయింది. పది రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో ఇంటి పొగ వల్ల ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారు. పొయ్యి ముందు కూర్చునేది ఎవరు, వాళ్ల ఒళ్లో ఉండేది ఎవరు అని ఆలోచిస్తే ఈ లెక్క బరువు తెలుస్తుంది.

దీన్ని మార్చాలన్న ప్రయత్నాలూ పాతవే. 1950ల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టమున్న మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ల గురించి పుస్తకమే రాశారు. మోటారు అక్కర్లేకుండా, వేడిగాలి గొట్టంలో పైకి లేచేటప్పుడు కింది నుంచి తాజా గాలిని లాక్కునే ఏర్పాటు అది. పొయ్యి వేడితో గాలిని నడిపించడానికి అంతకన్నా చవకైన యంత్రం ఇప్పటికీ లేదు. ఆ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి మూడు కుండల ‘అస్త్ర ఒలె’ వచ్చింది. 1983లో కేంద్రం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం 2002 దాకా సాగి, దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. వాటిలో చాలావాటి గొట్టాలు పూడిపోయాయి, గోడలు పగిలాయి. బాగుచేసే మనిషి ఊళ్లో లేకపోతే మంచి పొయ్యి కూడా నిలవదని ఆ పథకం నేర్పింది.

ఫ్యాను పొయ్యిలు ఇళ్లలో ఏమయ్యాయి

ఫ్యాను పొయ్యిల్లో మన పక్కనే పుట్టినది ‘ఊర్జా’. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తల రూపకల్పన, బీపీ కంపెనీ పెట్టుబడి. 2006లో కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లో అమ్మకం మొదలై సుమారు 4 లక్షల పొయ్యిలు ఇళ్లకు చేరాయి. దాని ఫ్యాను నడిచేది చార్జింగ్ బ్యాటరీతో, వేడితో కాదు. పంట వ్యర్థాల్ని నొక్కి చేసిన గుళికలు అందులో నీలిమంటతో కాలేవి. అయితే గుళికలు కంపెనీ దగ్గరే కొనాలి. వాటి ధర పెరిగేసరికి ఇళ్లలో పొయ్యిలు మూలపడ్డాయి. కంప ఉచితంగా దొరికే చోట ఇంధనాన్ని కొనిపించే పొయ్యి గ్యాసుతో పోటీపడాల్సి వస్తుంది, ఆ పోటీలో నెగ్గడం కష్టం.

ఫిలిప్స్ కంపెనీ ఫ్యాను పొయ్యి మరో ఉదాహరణ. హర్యానాలోని పల్వల్ జిల్లాలో 200 ఇళ్లకు ఆ పొయ్యిలిచ్చి, కొత్త పొయ్యికీ పాత చూల్హాకూ (మట్టిపొయ్యికీ) చిన్న ఉష్ణమాపకాలు అంటించి, 60 వారాల పాటు ఏది ఎప్పుడు వెలుగుతోందో నమోదు చేశారు. కొత్త పొయ్యి వాడకం క్రమంగా తగ్గుతూ సుమారు 200 రోజులకు కింది స్థాయిలో కుదురుకుంది. పాత చూల్హా వాడకం దాదాపు ఉన్నంతే ఉంది. అదే రకం పొయ్యిని సౌరఫలకంతో సహా ఆఫ్రికాలోని మలావీలో 150 పల్లెల్లో సగానికి ఇచ్చి, ఐదేళ్లలోపు పిల్లలు 10,750 మందిని రెండేళ్లు గమనించారు. పిల్లల న్యుమోనియా తగ్గలేదు. అక్కడ చెత్త తగలబెట్టే పొగ, ఇతర పొగలు కూడా పిల్లలు పీలుస్తూనే ఉన్నారు.

ప్రయోగశాలలో 4,500 వాట్ల మంటను చక్కదిద్దిన ఒక్క వాట్టు, ఇంట్లో ఎందుకు ఓడిపోతోంది? సంగటి వండే తీరు దగ్గర్నుంచి చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

ఎసరు మరిగాక కడిగిన నూకలు వేస్తారు. నూకలు మెత్తబడ్డాక రాగిపిండి పోసి, నడుమ తెడ్డుతో గుంట చేసి మూత పెడతారు. అప్పటిదాకా మంట బాగా ఉండాలి. పిండి పోశాక కట్టెలు వెనక్కి లాగి, మిగిలిన నిప్పుల మీద మగ్గనివ్వాలి. ఆ తర్వాత అసలు పని. కుండను కదలకుండా అదిమిపట్టి, తెడ్డుతో ఉండ కట్టకుండా గెలకాలి. భుజబలమంతా పెట్టాలి. మట్టిపొయ్యి మూడు గడ్డలు గుండ్రటి కుండను గట్టిగా పట్టుకుంటాయి, పొయ్యి నేలలో భాగమై కదలదు. రెండు మూడు కేజీల రేకు పొయ్యి మీద అదే తెడ్డు తిప్పితే పొయ్యే తిరుగుతుంది. పైగా లోపలి నుంచి ఫ్యాను గాలి తగిలి నిప్పులు జోరుగా కాలి త్వరగా బూడిదవుతాయి. మగ్గడానికి కావలసిన సన్నసెగ నిలవదు.

కట్టె తీరు కూడా వేరు. మట్టిపొయ్యిలో బారెడు కంపమోడును నోట్లో పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోస్తారు. ఫ్యాను పొయ్యికి వేలెడు ముక్కలు కావాలి. ఇక్కడ కాల్చే సర్కారు తుమ్మ గట్టి కట్టె. రోజూ దాన్ని మచ్చుకత్తితో ముక్కలు కొట్టే పని అదే ఆడమనిషి మీద పడుతుంది. పొలం పనికి పోయే తొందరలో ఆమె పాత పొయ్యికే తిరిగి వెళ్లడంలో ఆశ్చర్యమేముంది? వంటకూ కట్టెకూ తగని యంత్రం ఎంత గొప్పదైనా ఆమెకు పని పెంచేదే.

ఆ ఒక్క వాట్టు ఎక్కడి నుంచి తేవాలి

ఇన్ని ఉన్నా ఫ్యాను పొయ్యి పనికొచ్చే ఇళ్లున్నాయి. వాకిట్లో స్నానాలకు నీళ్లు కాచుకోవాలన్నా, పశువులకు దాణా ఉడికించాలన్నా, గెలికే పనిలేని పప్పూ కూరా వండాలన్నా అది బాగా ఉపయోగపడుతుంది. అప్పుడు వచ్చే ప్రశ్న: దాని ఫ్యానుకు కరెంటు పొయ్యి వేడి నుంచే రావాలా? అమెరికాలోని బయోలైట్ కంపెనీ అలాంటి పొయ్యి చేసింది. సీబెక్ బిళ్లతో ఫ్యాను తిరుగుతుంది, ఫోను కూడా చార్జింగ్ అవుతుంది. తెలివైన ఏర్పాటే. అయినా మన ఊళ్లో దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదనడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, వేళ. పొయ్యి అన్నిటికన్నా ఎక్కువ పొగ చిమ్మేది ముట్టించిన తొలి నిమిషాల్లో. అప్పటికి వేడి లేదు, బిళ్లలో కరెంటు పుట్టదు, ఫ్యాను తిరగదు. అత్యవసరమైన ఆ వేళ ఫ్యాను తిరగాలంటే పక్కన చిన్న బ్యాటరీ ఉండాలి. ఎలాగూ బ్యాటరీ ఉన్నప్పుడు దాన్ని గోడకున్న ప్లగ్గుతో నింపుకుంటే సరిపోతుంది.

రెండోది, మన్నిక. బిళ్లకు ఒకవైపు మంట, మరోవైపు చల్లదనం కావాలి. ఆ చల్లదనం ఫ్యాను గాలి నుంచే రావాలి. బూడిద, మసి, తిరగమోత నూనె పొగ పలకలకు పేరుకుని ఫ్యాను నెమ్మదిస్తే పై ముఖం వేడెక్కుతుంది, కరెంటు తగ్గుతుంది, ఫ్యాను మరింత నెమ్మదిస్తుంది. ఈ చక్రం ఇలాగే సాగితే లోపలి అతుకులు కరిగిపోతాయి. రోజుకు రెండుసార్లు వేడెక్కి చల్లబడే బిళ్ల ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది. దాన్ని బాగుచేయలేం, మార్చాల్సిందే.

మూడోది, లెక్క. ఒక వాట్టు ఫ్యాను రోజుకు మూడు గంటలు తిరిగితే ఏడాదికి ఖర్చయ్యేది ఒక యూనిట్ కన్నా కాస్త ఎక్కువ. ఏడాది మొత్తానికి ఒక్క యూనిట్. కొన్ని రూపాయల కరెంటు మిగుల్చుకోవడానికి వేల రూపాయల బిళ్ల కొనడం ఏ లెక్కలోనూ కుదరదు. కరెంటు పోయినా ఇబ్బంది లేదు. ఫోన్లకు వాడే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 37 వాట్ అవర్లుంటాయి, నష్టాలు పోను ఆ ఫ్యానును 25 గంటలకు పైగా తిప్పుతుంది. అంటే వారం పైనే. 5 వాట్ల చిన్న సౌరఫలకం ఒక్క ఎండరోజులో అంతకు కాస్త తక్కువ నింపగలదు. ఎండకు లోటు లేని జిల్లా ఇది. 2016లో కదిరి వైపు నంబులపూలకుంటలో 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం మొదలైంది ఈ ఎండను నమ్ముకునే.

సీబెక్ బిళ్లకు గౌరవమైన చోటు లేకపోలేదు. 1950ల్లో సోవియట్ యూనియన్‌లో కరెంటు చేరని పల్లెల కోసం కిరసనాయిలు దీపం గాజుగొట్టం పైన ఉష్ణవిద్యుత్ దిమ్మెలు బిగించి రేడియోలు వినిపించారు. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవరుకు ఆధారం అదే సూత్రం. ప్లుటోనియం ఇచ్చే సుమారు 2,000 వాట్ల వేడి నుంచి 110 వాట్ల కరెంటు తీసుకుంటూ బయలుదేరింది. తీగ చేరని చోట, ఎండ నమ్మకం లేని చోట, బాగుచేసే మనిషి వెళ్లలేని చోట దాని విలువ తెలుస్తుంది. బత్తలపల్లెలో తీగ ఉంది, ఎండ ఉంది, మెకానిక్కులూ ఉన్నారు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఇక కొనుగోలు సంగతి. చేతిలో కొన్ని వేలున్న ఇల్లు పొగ తగ్గించుకోవడానికి ఏ వరుసలో ఖర్చు పెట్టాలి?

ఎండబెట్టడానికి పైసా అక్కర్లేదు, కాబట్టి అదే ముందు. కట్టెలోని ప్రతి కేజీ నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ల వేడి పోతుంది. ఆ మేరకు మంట చల్లబడి పొగ పెరుగుతుంది. పచ్చికంపను కొట్టిన వెంటనే పొయ్యిలో పెట్టకుండా, మొద్దుల్ని చీల్చి, వానకు తడవకుండా ఒక ఎండాకాలం ఉంచితే చాలు. కందికంప, వేరుశనగ పొట్టు లాంటివి సన్నవి, త్వరగా ఎండుతాయి, ముట్టించడానికి మేలు.

రెండోది పొగకు దారి. పొయ్యిని వీలైతే వరండాలోకి మార్చడం, లోపలే ఉంటే పొగగొట్టం కట్టించి ఏటా మసి దులిపించడం, పొయ్యికి ఎగువన గోడలో కిటికీ తీయించడం. మేస్త్రి కూలీ, రెండు గొట్టాల ధర పొయ్యి ఫ్యాను ధరను మించవు. పసిపిల్లల్ని పొయ్యి దగ్గర పడుకోబెట్టకపోవడం డబ్బు లేకుండా దొరికే రక్షణ.

మూడోది గ్యాసు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం పేద మహిళల పేరిట కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 దీపావళికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన దీపం-2 ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. 14.2 కేజీల సిలిండరు కుండకు చేర్చే వేడిని మట్టిపొయ్యితో తేవాలంటే సుమారు 180 కేజీల కట్టె కాల్చాలి. మూడు సిలిండర్లంటే అర టన్ను కట్టె మోత తప్పినట్టే. ఏడాది మొత్తానికి అవి చాలవు. కానీ ఉదయం తొందరలో చేసే వంట, టీ, పిల్లల పాలు, కూరల తిరగమోత గ్యాసు మీదికి మారితే, ఇంటిల్లిపాదీ లోపలున్న వేళల్లో పొగ లేకుండా పోతుంది.

ఇవన్నీ అయ్యాక, స్నానాల నీళ్లకో వాకిటి వంటకో ఇంకా రోజూ కట్టె కాల్చే ఇల్లయితే, ప్రమాణాల సంస్థ ముద్ర ఉన్న, బ్యాటరీతో నడిచే ఫ్యాను పొయ్యి కొనొచ్చు. కొనేముందు అమ్మేవాళ్లను నాలుగు మాటలు అడగాలి. కుండకు వేడి ఎంత శాతం చేరుతుంది? మెగాజౌలుకు ధూళి ఎన్ని మిల్లీగ్రాములు? మా కంపను ఎంత ముక్కలు చేయాలి? ఫ్యాను పోతే ధర్మవరంలోనో అనంతపురంలోనో ఎవరు బాగుచేస్తారు? ఈ నాలుగింటికీ జవాబు లేని పొయ్యి ఎంత మెరిసినా వద్దు. పొయ్యి పైన పెట్టే వేడి ఫ్యాను ఈ వరుసలో ఎక్కడా చేరదు.

యంత్రాన్ని బేరీజు వేసే పద్ధతి ఇక్కడే ఉంది. అది దేనితో నడుస్తుందన్నది రెండో ప్రశ్న. ఎవరి పని తగ్గిస్తుంది, ఎవరి ఊపిరి కాపాడుతుంది అన్నది మొదటి ప్రశ్న. పల్వల్‌లోనూ మలావీలోనూ మంచి మనసున్న శాస్త్రవేత్తలు కూడా ఆ ప్రశ్నకు సగమే జవాబు చెప్పగలిగారు, ఎందుకంటే పొయ్యి ప్రయోగశాలలో సిద్ధమయ్యాక ఇంటికి చేరింది. రాయలసీమ కోసం రాబోయే పొయ్యిని సంగటి కుండ పెట్టి, తెడ్డు తిప్పి, సర్కారు తుమ్మ కాల్చి పరీక్షించాలి. ఆ పరీక్షలో మార్కులు వేసే హక్కు రోజూ ఆ పొగ పీల్చే ఆడవాళ్లకే ఉండాలి. ప్రభుత్వాలూ కంపెనీలూ అలా పరీక్షించి తెచ్చిన పొయ్యికి సబ్సిడీ ఇస్తే ఆ డబ్బు సార్థకమవుతుంది.